అమ్మలో ‘అ’ ఎక్కడ పోయింది?

“అక్కా, నాన్నగారి పుస్తకంలో ‘అ’తో మొదలయ్యే మాట ఒక్కటీ లేదేమిటే?” అన్నాడు తమ్ముడు, బెంగళూరు నుంచి ఫోన్ చేసి.

లేకపోవడమేమిటి! తెలుగు మాస్టారిగా రిటైరైన మనిషి రాసిన పుస్తకం అది. అమ్మ, అన్నం, అరుగు, అటక లేకుండా ఆయన అరపేజీ కూడా నడపలేరు. వాడు తెర ఫోటో తీసి పంపాడు. పదసూచిక మొదట్లో ‘అమ్మ’ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎక్కడో కింద ‘మ’ వరసలో ‘మ్మ’ అని ఒక ముక్క దిక్కులేకుండా నిలబడి ఉంది. ‘పాఠం’ రెండు ముక్కలైంది. ‘కంఠం’ తెగింది. తెగినచోటల్లా నల్లటి గడిలో ప్రశ్నార్థకం. అదే ప్రోగ్రాం, అదే ఫైలు, హైదరాబాదులో నా లినక్స్ కంప్యూటర్ మీద మాత్రం ఏ వంకా లేకుండా నడుస్తోంది.

నాన్నగారు తెనాలిలో ఉంటారు. తన వ్యాసాలన్నీ ఆయనే కూర్చుని టైపు చేసుకున్నారు. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పదసూచిక కావాలన్నారు. నేను రాస్తానన్నాను, అదీ సి భాషలో. “పైథాన్‌లో పది లైన్ల పని కదమ్మా” అని మా అమ్మాయి నవ్వింది. నిజమే. కానీ నేను 1990లలో సి నేర్చుకున్నదాన్ని. చేతికి అలవాటైన కత్తిపీట వదలలేం. పైగా ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో రకం కంప్యూటర్: నాన్నగారిది విండోస్, తమ్ముడిది మ్యాక్, అమ్మాయి దగ్గర అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై. సి అయితే ఎక్కడైనా నడుస్తుందని ధైర్యం. సుమారు తొమ్మిది వందల లైన్లతో ఒక లైబ్రరీ రాశాను.

ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాలయం కాదు. ఇతర ప్రోగ్రాములు పిలిచి పని చేయించుకునే కోడు కట్ట. మనం రాసే సి పాఠం మనుషులు చదవడానికి. కంపైలర్ దాన్ని ఆ కంప్యూటర్ చిప్పుకు అర్థమయ్యే అంకెలుగా మారుస్తుంది. తర్వాత లింకర్ ఆ ముక్కలన్నీ కుట్టి ఒక్కటి చేస్తుంది. అలా తయారైన లైబ్రరీని లినక్స్‌లో ఎస్ఓ ఫైలనీ, విండోస్‌లో డీఎల్ఎల్ అనీ, మ్యాక్‌లో డైలిబ్ అనీ అంటారు. ఒకదానిది ఇంకొకదానికి పనికిరాదు. కాబట్టి ‘పోర్టబుల్’ లైబ్రరీ అంటే తయారైన సరుకు అన్నిచోట్లా చెల్లుతుందని కాదు, ఒకే సి పాఠాన్ని ఎక్కడికక్కడ కంపైల్ చేసుకోవచ్చని అర్థం.

సి పేరు మోసింది కూడా అందుకే. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన ఈ భాషలోకి 1973లో తమ ఆపరేటింగ్ సిస్టం యూనిక్స్‌ను తిరగరాశారు. 1970ల చివరికి రిచీ, స్టీవ్ జాన్సన్ కలిసి ఆ యూనిక్స్‌ను పీడీపీ-11 నుంచి దానికి పెద్దగా పోలిక లేని ఇంటర్‌డేటా యంత్రం మీదికి మోసుకెళ్లారు. అంతకు ముందు ఆపరేటింగ్ సిస్టం అంటే చాలావరకు ఆ యంత్రంతో పుట్టి ఆ యంత్రంతోనే పోయేది.

అయితే సి అన్నిచోట్లకీ వెళ్లడానికి ఒక ఏర్పాటు చేసుకుంది. చాలా విషయాలు గట్టిగా చెప్పకుండా వదిలేసింది. మా అమ్మమ్మ ఆవకాయ కొలతలు గిద్ద, సోల, తవ్వ, మానికల్లో చెప్పేది. ఆ లెక్క పట్టుకుని వేరే జిల్లాలో మానిక తీసుకుంటే ఉప్పు ఎక్కువయ్యేది, ఎందుకంటే మానిక పేరు ఒకటే కానీ ఊరిని బట్టి గిన్నె వేరు. సిలో ‘ఇంట్’ అనే మాట అలాంటి మానికే. కనీసం 16 బిట్లు పట్టాలంటుంది సి ప్రమాణం, ఆపైన ఎంతన్నది ఆ ఊరి ఇష్టం.

నా వయసు ఇంజినీర్లకు ఇది మొదటి ల్యాబులోనే అనుభవం. నీలం తెర టర్బో సి, క్లియర్‌స్క్రీన్, గెట్‌చ్, వాయిడ్ మెయిన్. ఫాక్టోరియల్ ప్రోగ్రాం రాస్తే 7కి 5040 అని సరిగ్గా వచ్చేది. 8కి 40320 రావాలి, -25216 వచ్చేది. అక్కడ ఇంట్‌లో 32767కి మించి పట్టదు మరి. మా ల్యాబులో దానికి దొరికిన వివరణ ‘ఏడు దాకానే ఇవ్వండి’ అని. ఇప్పటి కంపైలర్లలో ఇంట్ సాధారణంగా 32 బిట్లు కాబట్టి ఫాక్టోరియల్ 12 దాకా వస్తుంది. తిప్పలు ‘లాంగ్’కి మారాయి. 64 బిట్ల లినక్స్, మ్యాక్‌లలో లాంగ్ అంటే 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లే.

సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు నాన్నగారి విండోస్ మీద లైబ్రరీ కంపైల్ చేశాను. ఒక్క తప్పూ చూపలేదు. నడిపితే మొదటి తెలుగు అక్షరం దగ్గరే ఆగిపోయి, తెర మధ్యలో ఒక పెట్టె వచ్చింది: డీబగ్ అసర్షన్ ఫెయిల్డ్. కళ్లజోడు సవరించుకుని చూసి నాన్నగారు, “ఏమ్మా, నా తెలుగు దానికి పడలేదా?” అన్నారు.

సరిగ్గా అదే జరిగింది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా ఒక్కొక్కటీ మూడు బైట్లు. ‘అ’ అంటే 224, 176, 133. మాట ఎక్కడ ముగిసిందో తెలియడానికి నేను ప్రతి బైటునూ ‘ఈజ్‌స్పేస్’ అనే ప్రామాణిక ఫంక్షన్‌కి ఇచ్చి, ఇది ఖాళీయా అని అడుగుతున్నాను. ఆ ఫంక్షన్‌కి 0 నుంచి 255 దాకా ఉన్న సంఖ్య ఇవ్వాలి, లేదా ఫైలు అయిపోయిందని చెప్పే గుర్తు ఇవ్వాలి. నేను బైటును ‘చార్’గా పెట్టుకున్నాను. చార్‌లో రుణసంఖ్యలు ఉంటాయా ఉండవా అన్నది కూడా సి తేల్చని విషయాల్లో ఒకటి. ఇంటెల్ పీసీల మీద మామూలుగా ఉంటాయి. అందుకని అక్కడ 224 కాస్తా -32 అయి కూర్చుంది. విండోస్ కంపైలర్ డీబగ్ పద్ధతిలో దాన్ని పట్టుకుని నిలదీసింది.

మరి నా లినక్స్ ఎందుకు మాట్లాడలేదు? అక్కడి సి లైబ్రరీ రాసినవాళ్లకి నాలాంటివాళ్ల సంగతి తెలుసు. ఈ పొరపాటు అందరూ చేసేదే కాబట్టి ఈజ్‌స్పేస్ చూసుకునే పట్టికను -128 నుంచే మొదలుపెట్టారు. అంటే ఇన్నాళ్లూ నా కోడు సరిగ్గా ఉండి నడవలేదు, ఇంటివాళ్లు సర్దుకుపోతుంటే నడిచింది. పుట్టింట్లో గారంగా పెరిగిన పిల్లకు అత్తారింట్లో గాని తెలియదంటారే, అదీ సంగతి.

దిద్దుబాటు చిన్నదే. బైటును ‘అన్‌సైన్డ్ చార్’గా మార్చి ఇవ్వాలి, పుస్తకాల్లోనూ అలాగే ఉంటుంది. మార్చాను. విండోస్‌లో పదసూచిక వచ్చింది. సంతోషంగా తమ్ముడికి పంపాను. వాడి మ్యాక్ మీద ‘అ’ ఎగిరిపోయింది. చిత్రమేమిటంటే, పాత తప్పు కోడే అదే మ్యాక్ మీద బాగా నడిచింది. తప్పు దిద్దాక చెడింది.

రెండు రాత్రులు పట్టింది నాకు. ప్రోగ్రాం మొదట్లో ‘ఈ కంప్యూటర్ యజమాని భాషా పద్ధతి పాటించు’ అని ఒక లైను రాశాను. ఆ పద్ధతిలో మ్యాక్‌లోని ఈజ్‌స్పేస్ 133ని ఒక అక్షరంలోని మూడో ముక్కగా చూడదు, అదే ఒక పూర్తి యూనికోడ్ సంఖ్య అనుకుంటుంది. యూనికోడ్‌లో 133 అంటే ‘తర్వాతి లైను’ అనే గుర్తు. 160 అంటే విడదీయకూడని ఖాళీ. రెండూ ఖాళీలే కాబట్టి ‘అవును, ఖాళీయే’ అంటుంది. ‘అ’ చివరి బైటు 133. ‘ఠ’ చివరి బైటు 160. మిగతా హల్లులన్నీ క్షేమం. నా పాత కోడు 133 బదులు -123 ఇచ్చినప్పుడు మ్యాక్ ‘ఇదేదో నాకు తెలియదు’ అని వదిలేసింది, అంతే.

ఇందులో మ్యాక్‌ను ఆడిపోసుకునే పని లేదు. అక్షరం గురించి అడగాల్సిన ప్రశ్న అక్షరంలో మూడో వంతును పట్టుకుని అడిగింది నేను. ఈ గోతిలో పడ్డది నేనొక్కదాన్నే కాదని తర్వాత తెలిసి కాస్త ఊరట కలిగింది. పోస్ట్‌గ్రెస్ అనే పెద్ద డేటాబేస్‌లో ఒక భాగానికి ఇదే చిక్కు వస్తే 2023లో సరిచేశారు. అక్కడ బలైంది పోలిష్ భాషలోని తోక ఉన్న ‘ఎ’. దాని చివరి బైటు కూడా 133.

చివరికి ఈజ్‌స్పేస్‌ను తీసేసి ఆరు లైన్లలో సొంత ఫంక్షన్ రాసుకున్నాను. స్పేస్, ట్యాబ్, లైను మార్పు లాంటి పాత ఖాళీలు ఆరే ఆరు, ఇంకేవీ కావు. ఇది ఏ యంత్రాన్నీ ఏమీ అడగదు.

రాస్ప్‌బెర్రీ పై కథ పొట్టిది. అమ్మాయి నడిపితే ప్రోగ్రాం ఎప్పటికీ ఆగలేదు. ఫైలు అయిపోతే చదివే ఫంక్షన్ -1 ఇస్తుంది. దాన్ని నేను చార్‌లోనే పెట్టుకున్నాను. ఆర్మ్ చిప్పు మీద లినక్స్‌లో చార్‌కి రుణసంఖ్యలు లేవు, -1 కాస్తా 255 అయింది, ‘-1 వచ్చిందా’ అని చూస్తూ కూర్చుంది పాపం. పీసీ మీద ఇది తెలుగు ఫైలుతో ఎన్నేళ్లయినా బయటపడదు, యూటీఎఫ్-8లో 255 అనే బైటు రానే రాదు కనుక. హెచ్చరికలన్నీ చూపమని అడిగితే రాస్ప్‌బెర్రీ పై మీది కంపైలర్ ఆ లైనును వేలుపెట్టి చూపించింది. అడగనిది నేనే.

ఇంత అయ్యాక, పెద్దవాళ్లు ఎలా చేస్తారో చూద్దామని జీలిబ్ కోడు తెరిచాను. జాన్-లూ గాయీ, మార్క్ ఆడ్లర్ 1995లో బయటపెట్టిన ఈ లైబ్రరీ ఫైళ్లను కుదించి, తిరిగి విప్పుతుంది. పీఎన్‌జీ బొమ్మలు దీని మీద ఆధారపడతాయి. మీ ఫోనులో ఏదో మూల ఇది ఉంటుంది. దాని కోడు కట్టలో అమిగా, ఎంఎస్‌డాస్, విన్32 అని విడివిడి ఫోల్డర్లు. అమిగా కంప్యూటరును నేను కంటితో చూడలేదు, దాన్ని ఎలా కంపైల్ చేయాలో ఆదేశాలు మాత్రం అక్కడ భద్రంగా ఉన్నాయి. 1989 ప్రమాణానికి ముందున్న పాత సి పద్ధతిలో ఫంక్షన్లు రాయడాన్ని 2023లో వచ్చిన 1.3 వెర్షన్‌లోగాని మానలేదు. ఇది చాదస్తం కాదు, పాత యంత్రం ఉన్నవాడికీ ఇచ్చిన మర్యాద అంటాను నేను.

వాళ్లు ఇంట్, లాంగ్ అని నేరుగా వాడకుండా సొంత పేర్లు పెట్టుకున్నారు, పక్కనే ‘16 బిట్లు లేదా ఎక్కువ’, ‘32 బిట్లు లేదా ఎక్కువ’ అని రాసుకున్నారు. మానిక మీద ముద్ర వేయడమే ఇది. అయినా ఎంత డేటా నడిచిందో చెప్పే లెక్క విండోస్‌లో 4 జీబీ దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, లాంగ్ అక్కడ చిన్నది కదా. లినక్స్‌లో ముందు ఆ యంత్రం తీరు కనుక్కునే కాన్ఫిగర్ అని, తర్వాత పరీక్ష నడిపే మేక్ టెస్ట్ అని కొడితే ‘హలో, హలో!’ అనే చిన్న మాటను కుదించి విప్పి చూసుకుని, జీలిబ్ టెస్ట్ ఓకే అంటుంది. జీలిబ్ కుదించి ఇవ్వగల జీజిప్ రకం ఫైలు పదో బైటులో అది ఏ సిస్టంలో పుట్టిందో రాసి ఉంటుంది: 3 అంటే యూనిక్స్, 0 అంటే డాస్ జాతి. పుట్టుమచ్చ అన్నమాట.

నా లైబ్రరీకి కాన్ఫిగర్ లాంటి హంగు పెట్టలేదు. తొమ్మిది వందల లైన్లకు అంత తతంగం అక్కర్లేదు, ఎలా కంపైల్ చేయాలో చెప్పే పన్నెండు లైన్ల మేక్‌ఫైలు చాలు.

మిగిలింది ఫైలు పేరు. నాన్నగారు ఫైలుకు ‘మా ఊరు’ అని తెలుగులోనే పేరు పెట్టారు. లినక్స్, మ్యాక్ తెరిచాయి. విండోస్‌లో సి భాషలో ఫైళ్లు తెరిచే మామూలు ఎఫ్‌ఓపెన్ తెరవలేదు, ఆ కంప్యూటర్ పాత అక్షర పట్టికలో తెలుగు లేదు. “ఇంగ్లీషులో పేరు మార్చండి నాన్నగారూ, ఒక్కసారికి” అన్నాను. “తెలుగు పుస్తకానికి ఇంగ్లీషు పేరెందుకమ్మా?” అన్నారు. ఆయన అన్నది న్యాయం. విండోస్‌కి మాత్రం పేరును యూటీఎఫ్-16లోకి మార్చి వేరే ఫంక్షన్‌తో తెరిచేలా ఇరవై లైన్లు కలిపాను. లైబ్రరీ మొత్తంలో ‘విండోస్ అయితే’ అనే షరతు ఉన్న చోటు అదొక్కటే.

ఇప్పుడు నాలుగు యంత్రాల మీదా ఒకే పదసూచిక వస్తోంది, బైటు తేడా లేకుండా. సిలో మాటలతో పనిచేసే కోడు రాసే పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. మీ పరీక్ష ఫైలులో హలో వరల్డ్‌తో పాటు ‘అమ్మ’, ‘కంఠం’ అనే రెండు మాటలు చేర్చండి. మీది కాని కంప్యూటర్ మీద ఒకసారి నడిపి చూడండి.