రాకెట్ల ప్రొఫెసర్ గారి పక్షుల వ్యాపకం

మన ఇళ్లలో పిల్లవాడు పదో తరగతికి రాగానే ముందుగా మూలపడేవి సంగీతం క్లాసు, బొమ్మల పుస్తకం, క్రికెట్ బ్యాటు. "ముందు ఇంజనీరింగ్ సీటు రానీ, అవన్నీ తర్వాత చూసుకుందువుగాని" అంటాం. సీటు వస్తుంది, ఉద్యోగం వస్తుంది, ఆ 'తర్వాత' మాత్రం రాదు. ఇక రెండో కొస చూడండి. ముప్పై అయిదేళ్లు ఉద్యోగం చేసి విరమించిన పెద్దలు ఉదయం పేపరు చదవడం అయ్యాక ఏం చేయాలో తోచక కూర్చుంటారు. బ్యాంకులో పనిచేసేవాణ్ణి కనుక పింఛను కోసం వచ్చే ఇలాంటివారిని చాలామందిని చూశాను. డబ్బుకు లోటుండదు, పొద్దు గడవడమే కష్టం. ఈ రెండు సంగతులకూ మూలం ఒకటేనని నా అభిప్రాయం. ఈ మాట వచ్చినప్పుడల్లా నేను ప్రొఫెసర్ సతీష్ ధవన్ గారి గురించి చెబుతుంటాను.

ఆయన తెలుగువారు కారు. 1920లో శ్రీనగర్‌లో పుట్టి లాహోర్‌లో చదివారు. ఆ చదువు వరస గమనించదగ్గది. గణితం, భౌతికశాస్త్రాలతో బి.ఏ., ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ., ఆపైన మెకానికల్ ఇంజనీరింగ్. తర్వాత అమెరికా వెళ్లి 1951లో కాల్టెక్‌లో డాక్టరేటు పొందారు. విమానం ఒంటిని రాసుకుంటూ పోయే గాలి కలిగించే ఒరిపిడిని నేరుగా కొలవడం ఆయన పరిశోధన విషయం. అదే ఏడాది బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. తర్వాత దాదాపు ఇరవై ఏళ్లపాటు ఆ సంస్థకు డైరెక్టర్‌గా ఉన్నారు. 1972 నుంచి 1984 వరకు ఇస్రో పగ్గాలు కూడా ఆయన చేతిలోనే ఉన్నాయి. ఇంత బరువు మోసిన మనిషికి వ్యాపకానికి తీరిక ఎక్కడిదని ఎవరికైనా సందేహం వస్తుంది.

పులికాట్ ఒడ్డున

ఆయన వ్యాపకం మన నేల మీదే దొరికింది. రాకెట్లు ఎగిరే శ్రీహరికోటకు సూళ్లూరుపేట నుంచి వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా పోతుంది. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత పెద్దది ఇదే. చలికాలంలో గులాబి రంగు ఫ్లెమింగోలు వేలల్లో వచ్చి వాలతాయి. ఆ దగ్గరలోని నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. ఆ దారిన వెళ్లినవారు ఎందరో. ధవన్ గారు మాత్రం ఆగి, తలెత్తి చూశారు. విమానాల రెక్కలకు లెక్కలు కట్టిన మనిషికి గూడబాతు రెక్క ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

గూడబాతు మామూలు పిట్ట కాదు. అయిదు కిలోల దాకా తూగుతుంది. ఇంత బరువును రెక్కలు టపటపా కొట్టుకుంటూ ఎంతో దూరం మోయాలంటే ఒంట్లో శక్తి చాలదు. అందుకని పొద్దెక్కి నేల వేడెక్కేదాకా ఆగుతుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది కదా, ఆ గాలిలోకి చేరి రెక్కలు చాపి గుండ్రంగా తిరుగుతూ ఖర్చు లేకుండా పైకి పోతుంది. అక్కడి నుంచి జారుతూ తను వెళ్లవలసిన చోటికి సాగుతుంది. మన డాబాల మీద తిరిగే గద్ద చేసేదీ ఇదే. గద్ద రెక్క కొసన ఈకలు చేతివేళ్లలా విడివిడిగా ఉండడం మీరూ చూడవచ్చు. రెక్క కొసల దగ్గర పుట్టే గాలి సుడులవల్ల కలిగే నష్టాన్ని అవి తగ్గిస్తాయి. రెక్క ముందు అంచున, మన బొటనవేలు ఉండే చోట మరో చిన్న ఈకల గుత్తి ఉంటుంది. వాలేటప్పుడు వేగం తగ్గి దభీమని పడిపోకుండా పక్షి దాన్ని పైకి లేపుతుంది. విమానం దిగేటప్పుడు రెక్క ముందు అంచున తెరుచుకునే పలకలది కూడా ఈ పనే.

బారులు తీరి ఎగరడంలోనూ పొదుపు ఉంది. ముందున్న పక్షి రెక్క కొస పక్కన గాలి పైకి లేస్తుంది, వెనకది దాన్ని ఆసరా చేసుకుంటుంది. గూడబాతుల గుండె వేగాన్ని కొలిచి చూసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞులు, బారులో ఎగిరేటప్పుడు అది తగ్గుతోందని 2001లో ప్రకటించారు.

ఉద్యోగం ముగిశాక

పదవులన్నీ దిగాక ధవన్ గారికి పొద్దుపోని సమస్య రాలేదు. 1991లో, డెబ్భై ఏళ్ల వయసులో, ఆయన 'బర్డ్ ఫ్లైట్' అనే పుస్తకం వెలువరించారు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దాన్ని ప్రచురించింది. ఆ పుస్తకం రాయమని ఆయన్ను ఒత్తిడి చేసే పై అధికారి లేడు. దానివల్ల వచ్చే ప్రమోషనూ లేదు. చూడాలన్న ఇష్టమే ఆయన చేత రాయించింది. 2002 జనవరిలో ఆయన కన్నుమూశారు. ఆ ఏడాదే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

వ్యాపకమంటే పని ఎగ్గొట్టడానికి సాకు అని మనలో చాలామంది భావన. ధవన్ గారి విషయంలో చదువు, వృత్తి, ఇష్టం ఒకదానికొకటి నీరు పోసుకున్నాయి. ఇష్టమన్నది పింఛను కాగితాలతో పాటు చేతికి వచ్చేది కాదు. రికరింగ్ డిపాజిట్‌లాగా చిన్నప్పటి నుంచి కొంచెం కొంచెంగా వేసుకుంటూ రావాలి. పదో తరగతిలో ఖాతా మూసేస్తే అరవయ్యో ఏట తీసుకోవడానికి ఏం మిగులుతుంది?

ఈ చలికాలం సెలవుల్లో పిల్లల్ని తీసుకుని బయలుదేరండి. చెన్నైవారికి సూళ్లూరుపేట సుమారు 80 కిలోమీటర్లే. కర్ణాటకలోని మనవారికి శ్రీరంగపట్నం పక్కన రంగనతిట్టు ఉంది. ఒడిశావారికి చిలికా, మహారాష్ట్రవారికి ఉజని జలాశయం అంచున భిగ్వణ్, యానాంవారికి పక్కనే కోరింగ మడ అడవులు. వెంట గైడు పుస్తకాలు వద్దు, ఒక నోటుబుక్కు, పెన్సిలు చాలు. "అది రెక్క కొట్టకుండా ఎలా పైకి పోతోంది నాన్నా?" అని పిల్లవాడు అడిగితే, పరీక్షలో వస్తుందా రాదా అని మాత్రం చూడకండి.