పిల్లల ఎముకలలో తాపము

ధర్మపురిలో గోదావరి యొడ్డున ఆడుకొను బాలుడు రాత్రులు కాలినొప్పితో మూల్గినచో, ఎదుగు నొప్పులేయని పెద్దలు నూనె రాచి ఊరకుందురు. పెక్కు పర్యాయములది నిజమే యైనను, ఒకే తావున నిలిచి, వాచి, కుంటునడక తెచ్చు నొప్పిని ఉపేక్షింపరాదు. సూక్ష్మజీవులు చేరి ఎముక చీముపట్టినను, తొలి 10–14 దినములు ఎక్స్‌రేలో ఏమియు గానరాకపోవచ్చును.

సూక్ష్మజీవి జాడయే లేక, దేహరక్షణవ్యవస్థ తానే తాపమును రగిల్చెడి వ్యాధి వేరొకటి గలదు. 1972లో గీడియన్ అను వైద్యుడును ఆతని సహచరులును దీనిని వర్ణించిరి. మోకాలి చెంత, చీలమండ చెంత, మెడ క్రింది అడ్డుటెముకలో, వెన్నుపూసలలో నిది పలుచోట్ల తలయెత్తును. నొప్పి యొక్కచోటనే యున్నను, ఆపాదమస్తకము తీసిన ఎమ్మారై చిత్రమున, కొవ్వు వెలుగును అణచి నీటిని మెరిపించు పద్ధతివలన, బాలుడెఱుగని తావులలో సైతము వ్యాధిగ్రస్తమైన మజ్జ తెల్లగా గానవచ్చును. ఇందు ఎక్స్‌కిరణములు లేవు గనుక పసివారికి మరల మరల తీయవచ్చుననుట ఎంతటి ఊరట! కదలక పడుకొనలేని చిన్నవారికి మాత్రము మత్తు అవసరపడవచ్చును.

ఐనను చిత్ర మొక్కటియే తీర్పు చెప్పజాలదు. రక్తపు క్యాన్సరు, క్షయ ఇట్టి రూపముననే పొంచియుండవచ్చును గావున, సందేహమున్నచోట ఎముక ముక్క తీసి పరీక్షింపవలసినదే. జగిత్యాలలో తొలి పరీక్షలు జరిగి, హైదరాబాదునందలి నిలోఫర్ వంటి పిల్లల వైద్యశాలకు పోవలసివచ్చినప్పుడు, తల్లిదండ్రులు పాత ఫిల్ములన్నియు వెంట గొనిపోవలెను. క్రొత్త చిత్రమును వానితో పోల్చియే వ్యాధి పెరుగుటయు తగ్గుటయు వైద్యుడు నిర్ణయించును.