తుడిచివేసిన నాటకములు, దొరకిన ప్రతులు

తాళపత్రములు నశించుటకు చెదలు, తేమ, నిప్పు, వారసుల అశ్రద్ధ కారణములని మనమెఱుగుదుము. ఇరువదవ శతాబ్దమున పుట్టిన ఒక నాటక వాఙ్మయములో పెద్దభాగమును, దానిని నిర్మించిన సంస్థలే బుద్ధిపూర్వకముగ తుడిచివేసినవని వినినచో గ్రంథ పరిష్కర్తలకు సైతము విస్మయము కలుగును. 1950 దశకము మొదలు 1980 దశకము వఱకు బ్రిటనులో ప్రసారమైన ఉత్కంఠ నాటకమాలికల కథ ఇట్టిది. అందు శేషించినవి గడచిన రెండు దశాబ్దములలో డి.వి.డి. బిళ్లలుగ వెలువడి ఇండ్లకు చేరినవి. పుదుచ్చేరిలో ఉండి వానిని చూచుట అంత సులభము కాదు. బ్రిటిష్ బిళ్లలకు ప్రాంతసంఖ్య 2. మన దేశమునకు 5. అన్ని ప్రాంతముల బిళ్లలనాడించు యంత్రమున్నగాని బొమ్మ కానరాదు. ఆ నాటకముల కథలు చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. అవి నశించిన తీరు, దొరకిన తీరు పాఠపరిశోధకుని కంటికి ఎట్లు కనబడునో నివేదించుటయే ఉద్దేశము.

మొదట రూపమును గూర్చి రెండు మాటలు. ఇవి ధారావాహికలు కావు. ప్రతివారము కథ వేఱు, పాత్రలు వేఱు, నటులు వేఱు. మాలిక పేరు, నాంది సంగీతము, ప్రసారవేళ మాత్రమే ఉమ్మడి. సింహాసన ద్వాత్రింశికలో కొఱవి గోపరాజు బొమ్మలచేత కథలు చెప్పించెను. శుకసప్తతిలో చిలుక చెప్పినది. ఈ మాలికలలో అట్టి కథకుడు సాధారణముగ లేడు. 1979లో ఆంగ్లియా సంస్థ ఆరంభించిన ‘టేల్స్ ఆఫ్ ది అనెక్స్‌పెక్టెడ్’ ఇందుకు అపవాదము. దాని తొలి భాగములకు మూలకథకుడగు రోల్డ్ డాల్ తానే చలిమంట ప్రక్కన కూర్చుండి పీఠిక పలికెను. ఇక ఉత్కంఠ అను మాట. విరహోత్కంఠితను ఎఱిగినవారికి ఈ పదము ప్రియసమాగమము కొఱకైన తహతహనే స్ఫురింపజేయును. తెలుగు పత్రికలు దానిని ఇంగ్లీషు సస్పెన్సునకు పర్యాయముగ వాడి స్థిరపఱచినవి. అర్థము జరిగినను ప్రాణము జరుగలేదని నా అభిప్రాయము. రెంటను నిరీక్షణమే కలదు. ఒకచోట రావలసినవాడు రాడు, వేఱొకచోట రాగూడనివాడు వచ్చును.

ఏ.బి.సి. సంస్థ 1956లో ఆరంభించిన ‘ఆర్మ్‌చెయిర్ థియేటర్’ తొలి సంవత్సరములలో ప్రత్యక్షముగ ప్రసారమగుచుండెను. 1958 నవంబరు 30వ తేదీన ‘అండర్‌గ్రౌండ్’ అను నాటకము నడుచుచుండగనే గారెత్ జోన్స్ అను యువనటుడు రెండు రంగముల నడుమ మరణించెను. దర్శకుడు టెడ్ కోచెఫ్ అప్పటికప్పుడు తక్కినవారితో నాటకమును సర్ది ముగింపజేసెను. అట్టి ప్రసారము స్వభావముచేతనే వాచికము, వీధిభాగవతము వంటిది. ఆడినప్పుడు ఉన్నది, ఆడిన పిమ్మట లేదు.

టేపు వచ్చిన పిదప నాటకము నిలిచియుండవలసినది. నిలువలేదు. టేపు ఖరీదైనది, మఱల వాడదగినది. నటుల సంఘముతో చేసికొన్న ఒడంబడికలు పునఃప్రసారములకు హద్దు పెట్టినవి. రంగుల ప్రసారము వచ్చినంతనే నలుపు తెలుపుల నాటకమునకు విలువ లేదను భావము ప్రబలినది. కావున ఒక నాటకమును తుడిచి ఆ టేపుపై వేఱొకదానిని ఎక్కించిరి. పాత వ్రాతను గీకివేసి అదే చర్మపత్రముపై క్రొత్త గ్రంథము వ్రాసిన ఐరోపా మఠవాసులు జ్ఞప్తికి రాకమానరు. కాని గీకిన చర్మముపై పాత అక్షరముల జాడ మిగులును, తుడిచిన టేపుపై చూడదగినదేదియు మిగులదు. 1978లో గాని బి.బి.సి. తన ప్రసారములను భద్రపఱచు స్థిరవిధానమునకు రాలేదు. అప్పటికి జరిగిన నష్టమును అంకెలు చెప్పును. 1965–71 నడుమ ప్రసారమైన ‘ఔట్ ఆఫ్ ది అన్‌నోన్’ మాలికలో 49 నాటకములకు 20 మాత్రమే పూర్ణముగ మిగిలినవి. 1966–70 నాటి ‘మిస్టరీ అండ్ ఇమాజినేషన్’లో 24కు 8. 1972 నాటి ‘డెడ్ ఆఫ్ నైట్’లో 7కు 3.

మిగిలినవి ఎట్లు మిగిలినవి? విదేశములకు పంపిన ప్రతులవలన, తెరను ఫిల్ముపై చిత్రించి యుంచిన నకళ్లవలన, వ్యక్తుల సేకరణలవలన. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1993 మొదలుకొని నష్టప్రసారముల అన్వేషణమును ఒక ఉద్యమముగ నడుపుచున్నది. 2010లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున పలు బ్రిటిష్ నాటకముల ప్రతులు బయటపడినవి. స్వదేశమున లేని గ్రంథము పరదేశపు భాండాగారమున దొరకుట మనకు క్రొత్త కాదు.

పాఠపరిశోధకునకు అన్నిటికంటె ఉపయోగించు ఉదాహరణము ‘థ్రిల్లర్’. బ్రయన్ క్లెమెన్స్ సృష్టించిన ఈ మాలికలో 43 నాటకములు 1973–76 నడుమ ఏ.టి.వి. ద్వారా వెలువడినవి, అన్నియు లభ్యములు. ఐనను చిక్కు లేకపోలేదు. అమెరికా ప్రసారము కొఱకు వీనిలో పెక్కింటికి పేరులు మార్చి, మూలనటులు లేకుండ, ముఖము కానరాని వేఱు మనుష్యులతో క్రొత్త ఆరంభ దృశ్యములు తీసి అతికించిరి. ఒకే నాటకమునకు రెండు పేరులు, రెండు ఆదులు! ఇది ప్రక్షిప్తము కాక మఱేమి? ఏళ్ల తరబడి చూపఱులలో అనేకులకు ఆ ప్రక్షిప్త పాఠమే మూలమై తోచినది. బ్రిటిష్ డి.వి.డి. మూలపాఠమును మఱల వెలుగులోనికి తెచ్చెను. వ్రాయసకాని చేర్పును గుర్తించుటకు మనము వాడు లక్షణములే, అనగా శైలిభేదము, పాత్రకు ముఖము లేకుండుట, కథతో సంబంధము పలుచబడుట, ఇచటను పనికివచ్చును.

కళాదృష్టితో చూచిన ఈ నాటకములన్నియు ఉత్తమములు కావు. పెక్కు ‘థ్రిల్లర్’ కథలు ఒకే అచ్చులో పోసినవి. కాని నైజెల్ నీల్ రచించిన ‘బీస్ట్స్’ (1976) వేఱు. దానిలోని ‘డ్యూరింగ్ బార్టీస్ పార్టీ’ యందు ఇంటి నేలక్రింద ఎలుకలు చేరును. ఒక్క ఎలుకయైనను తెరపై కానరాదు. చప్పుడు, దంపతుల ముఖములు, రేడియో మాటలు, అంతే. భయమంతయు వ్యంగ్యము. ఆనందవర్ధనుని పదమును శ్లేషించి చెప్పవలెనన్న ఇది రెండర్థములందును ధ్వనికావ్యము. డాన్ టేలర్ రచించి నడపిన ‘ది ఎక్సార్సిజం’ (1972) ఇంకను గంభీరము. ధనికులగు మిత్రులు బాగుచేయించిన పల్లెటింట క్రిస్మసు విందునకు కూర్చుందురు. ఆ యింటనే పూర్వము బిడ్డలతో ఆకలికి మాడి చచ్చిన పేదరాలి వేదన వారిని పట్టుకొనును. భయానకము కరుణమునకు ఇట్లు దాస్యము చేయుట అరుదు. ‘డెడ్ ఆఫ్ నైట్’లో మిగిలిన మూడింటిలో ఇది యొకటి. ఇది పోయియుండినచో పోయినదేమో ఎవరును ఊహింపజాలరు.

క్రిస్మసు వేళల బి.బి.సి. 1971 నుండి ప్రసారము చేసిన దయ్యపు కథలలో పెక్కింటికి మూలకర్తయగు ఎం. ఆర్. జేమ్స్ కేంబ్రిడ్జి లిఖిత ప్రతులకు సూచీపట్టికలు కూర్చిన పండితుడు. 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికకెక్కిన శైవ తాళపత్రములున్న ఈ పుదుచ్చేరిలో కూర్చుండి ఆయన కథలు చూచుట ఒక ప్రత్యేకానుభవము. ఆయన దయ్యములు తఱచుగ పాత కాగితములను కదలించినవారినే వెంటాడును!

ఇక మన మాట. తమిళమున 1990 దశకమున నాగా దర్శకత్వమున వచ్చిన ‘మర్మదేశం’ నేడు అంతర్జాలమున లభ్యము. ఆనాటికి పుట్టని మా విద్యార్థులు దానిని చూచి చర్చించుచున్నారు. తెలుగున విజయవాడ ఆకాశవాణి 1948లోను, హైదరాబాదు దూరదర్శను 1977లోను ఆరంభమైనవి. చలము ‘పురూరవ’ రేడియో నాటకముగ శారదా శ్రీనివాసన్ కంఠమున నేటికిని వినవచ్చుచున్నది. అట్లు వినవచ్చుటకు ఎవరో ఒకరు దానిని దాచియుండుటయే కారణము. దాచనివానికి కనీసము పట్టికయైనను కావలెను: నాటకము పేరు, రచయిత, నటులు, కేంద్రము, ప్రసార దినము, వ్రాతప్రతి ఉన్నదా, ధ్వనిముద్రణ ఉన్నదా. అచ్చైన పుస్తకమునకు మనము చూపు శ్రద్ధ ప్రసారమైన వాక్కునకు చూపుట లేదు. రేడియో నాటకముపై సిద్ధాంత వ్యాసము వ్రాయగోరు విద్యార్థికి మొదటి ఆకరము ఇదియే కావలసియున్నది.

‘ఔట్ ఆఫ్ ది అన్‌నోన్’ 2014లో వెలువడినపుడు పోయిన కొన్ని నాటకములను, మిగిలిన ధ్వనిని, నిశ్చలచిత్రములను జోడించి పునర్నిర్మించిరి. మన యిండ్లలోను ఇట్టి ధ్వనులుండుటకు అవకాశము కలదు. రేడియో ప్రక్కన టేపు రికార్డరు నుంచి నాటకములను ఎక్కించుకొన్న శ్రోతల క్యాసెట్లు అటుకలపై ఉన్నచో, వానిని ఆడించుటకు ముందు బూజు చూచుకొనవలెను. నకలు తీసిన పిదప పెట్టెపై తేదీని, కేంద్రమును వ్రాసి ఉంచవలెను.