ఒకే వంతు - పలు పేర్లు

వంతు, వాటా, పంపకము: ఈ మూడు మాటలలో ఏదియో ఒకటి వినబడని పంచాయతీ సమావేశము అరుదు. కాలువ నీరు వంతుల ప్రకారము పారవలెను. పన్నుల రాబడిలో ఏ పనికెంత భాగమో నిర్ణయింపవలెను. అన్నదమ్ముల పంపకములలో పెద్దమనుష్యులుగా కూర్చుండవలెను. ఈ పనులన్నింటి వెనుక ఒక చిన్న గణిత విషయము దాగి యున్నది. దానినే మన పాఠశాలలలో పిల్లలు ‘సమాన భిన్నములు’ అను పేరుతో నేర్చుకొనుచున్నారు. పది పండ్రెండేండ్ల పిల్లలు చేయు ఆ లెక్కయే పెద్దల తగవును తీర్పగలదని చాలమంది గమనింపరు. అందలి కీలకమెట్టిదో, అది పంచాయతీ సభ్యులకెట్లుపకరించునో ఇచట వివరింపదలచినాము.

భిన్నమున గీతకు క్రింద నుండు సంఖ్యను హారమనియు, పైన నుండు సంఖ్యను లవమనియు అందురు. మొత్తమును ఎన్ని సమాన భాగములు చేసితిమో హారము చెప్పును. వానిలో ఎన్ని తీసికొంటిమో లవము చెప్పును. 2/3 అనగా మూడు సమాన భాగములలో రెండు. ఇందు ‘సమాన’ అను మాటను మరువరాదు. పొలమునకు గట్లు వేసి మూడు మడులు చేసినంత మాత్రమున ఒక్కొక్క మడి మూడవ వంతు కానేరదు. మూడును ఒకే కొలత గలవైననే అగును.

ఇప్పుడొక దీర్ఘచతురస్రాకారపు పొలమును తలచుకొందము. తూర్పు పడమరలుగా రెండు గట్లు వేసి దానిని మూడు సమానమైన పట్టీలు చేసినారు. రెండు పట్టీలలో వరియు, ఒక దానిలో మినుమును వేసినారు. వరి పొలములో 2/3 వంతు. నీటి పారుదల సౌకర్యము కొరకు ఉత్తర దక్షిణములుగా మరి మూడు గట్లు వేసి, ప్రతి పట్టీని నాలుగు సమానమైన మడులు చేసినారనుకొందము. (గట్ల క్రింద పోవు నేలను ఇచట లెక్కింపవద్దు.) ఇప్పుడు మొత్తము మడులు 12, వరి మడులు 8. వరి పొలములో 8/12 వంతు. వరి వేసిన నేల పెరుగలేదు, తరుగలేదు. మారినది మడుల సంఖ్య మాత్రమే. భాగములు నాలుగు రెట్లయినవి, మనము తీసికొన్నవియు నాలుగు రెట్లయినవి. కావున 2/3, 8/12 ఒకే వంతునకు రెండు పేర్లు. లవమును, హారమును ఒకే సంఖ్యచే గుణించినచో భిన్నము విలువ మారదనుటకు కారణమిదియే. ఆ సంఖ్య సున్న మాత్రము కారాదు. 4/6, 6/9, 10/15, 200/300 అన్నియు ఈ 2/3 కుటుంబములోనివే.

గుణించుటకు మారుగా కలిపిన ఏమగును? ఈ పొరపాటు పిల్లలలో మిక్కిలిగా కనబడును; పెద్దలలోను లేకపోలేదు. 2/3 లోని లవహారములకు ఒక్కొక్కటి కలిపినచో 3/4 వచ్చును. 12 మడుల పొలములో 2/3 వంతు 8 మడులు. 3/4 వంతు 9 మడులు. ఒక మడి ఎక్కడి నుండియో పుట్టుకొచ్చినది! పైకి, క్రిందికి ఒకే పని చేయుట చాలదు. ఆ పని గుణకారమో, భాగహారమో అయి యుండవలెను.

భాగహారముతో భిన్నము చిన్న పేరునకు దిగును. ఒక పాఠశాలలో 48 మంది పిల్లలుండగా ఒకనాడు 36 మంది వచ్చినారు. 36/48 ను రెంట భాగించిన 18/24, మరల రెంట భాగించిన 9/12, మూట భాగించిన 3/4. అనగా ముప్పావు వంతు పిల్లలు వచ్చినారన్నమాట. 119/187 వంటి సంఖ్యలు ఎదురైనచో దేనిచే భాగింపవలెనో వెంటనే తోచదు. అప్పుడు పెద్దదాని నుండి చిన్నదానిని తీసివేయుచు పోవలెను: 187 లో 119 పోగా 68; 119 లో 68 పోగా 51; 68 లో 51 పోగా 17. ఈ 17 తో 51 నిశ్శేషముగా భాగింపబడును గనుక ఇదియే రెండింటికిని గరిష్ఠ సామాన్య భాజకము. భాగించి చూచిన 7/11 వచ్చును. ఈ ఉపాయము క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున యూక్లిడ్ అను గ్రీకు పండితుడు రచించిన గ్రంథమున కలదు. ఇరువది మూడు వందల యేండ్లు గడచినను దీనికి వన్నె తగ్గలేదు.

ఇక ఊరి వ్యవహారములకు వత్తము. తెలంగాణ జిల్లాలలో ఎకరమును 40 గుంటలుగా లెక్కింతురు. ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో 100 సెంట్లుగా లెక్కింతురు. ఎకరము మాత్రము రెండు చోట్లను 4,840 చదరపు గజములే. కావున గుంట 121 చదరపు గజములు, సెంటు 48.4 చదరపు గజములు. పది గుంటలు అనగా 10/40, అనగా 1/4, అనగా 25/100. పది గుంటలును ఇరువది యైదు సెంట్లును ఒకటే. హారమును 40 నుండి 100 నకు మార్చుట రెండున్నరచే గుణించుటయే గదా. కావున గుంటల సంఖ్యను రెండున్నరచే గుణించిన సెంట్లు వచ్చును. 16 గుంటలు 40 సెంట్లు. 30 గుంటలు 75 సెంట్లు.

ఇందొక ప్రమాదము కలదు. రెండెకరముల ఇరువది గుంటలను 2-20 అని వ్రాయుదురు. నడుమ చుక్క పెట్టి వ్రాయుటయు కలదు. సెంట్లకు అలవాటు పడిన వారు దానిని చూచి రెండెకరముల ఇరువది సెంట్లని చదివినచో, ముప్పది సెంట్లు కాగితము మీదనే పోవును. ఇరువది గుంటలు 20/40, అనగా అరయెకరము. అది 50 సెంట్లు. రాష్ట్రముల సరిహద్దు గ్రామములలో క్రయవిక్రయములు జరుగునప్పుడు చుక్కకు కుడివైపున నున్న అంకెలకు హారమేమి అని ముందుగా అడుగుట మేలు. హారము తెలియని లవమునకు అర్థము లేదు.

నాణెముల విషయమున మన పెద్దలు ఈ మార్పును కన్నులార చూచినారు. 1957 ఏప్రిల్ 1 వరకు రూపాయికి 16 అణాలు. నాటి నుండి 100 నయా పైసలు. నాలుగణాలు 4/16, పావు రూపాయి. ఇరువది యైదు పైసలు 25/100, అదియు పావు రూపాయియే. అందుచేత పావలా అను మాటకు మార్పు రాలేదు. 2011 జూన్ 30 నుండి ఆ నాణెము చెల్లుబాటు కాకుండ పోయినను మాట పోలేదు. అణా మాత్రము కొత్త పైసలలో ఆరుంబావు అగుటచే చిల్లర లెక్కలలో చిక్కులు వచ్చినవి. పాత రూపాయిలో 192 పైలు ఉండెడివి గనుక దానిని ముగ్గురికి సరిగా పంచవచ్చును: ఒక్కొక్కరికి 64 పైలు, అనగా ఐదణాల నాలుగు పైలు. నూరు పైసలను ముగ్గురికి పంచబోయిన ఒక పైస మిగులును. పద్ధతి మారినప్పుడు సుఖముతో పాటు కొంత నష్టమును కలుగునని దీనివలన తెలియును.

వడ్డీ లెక్కలలో మరియొక జాగ్రత్త కావలెను. ఊరిలో ‘రూపాయి వడ్డీ’ యన్న నెలకు నూటికి ఒక రూపాయి. బ్యాంకువారు చెప్పునది సంవత్సరమునకు. 1/100 వంతు చొప్పున పండ్రెండు నెలలకు 12/100, అనగా నూటికి పండ్రెండు. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మహిళా సంఘములకై ప్రారంభించిన పావలా వడ్డీ పథకము పేరును ఇట్లే విప్పి చూడవచ్చును. నూరు రూపాయలకు పావలా అనగా నాలుగు వందల రూపాయలకు ఒక రూపాయి, నెలకు 1/400. ఏడాదికి 12/400, తగ్గించి చెప్పిన 3/100. ‘రెండు రూపాయల వడ్డీయే గదా’ అని అప్పు తెచ్చుకొన్నవాడు ఏడాదికి నూటికి ఇరువది నాలుగు ఇచ్చుచున్నాడు. అతనికి 12 శాతపు బ్యాంకు అప్పు పెద్దదిగా తోచుట నెలను, సంవత్సరమును ఒకే గాటను కట్టుటవలన కలిగిన భ్రమ.

రెండు వంతులలో ఏది పెద్దదో తేల్చుటకును సమాన భిన్నములే ఆధారము. ఒక తరగతిలో 24 మందికి 18 మంది, మరియొక తరగతిలో 27 మందికి 20 మంది పరీక్షలో నెగ్గినారు. ఎవరు మెరుగు? ఇరువది పెద్దదని రెండవ తరగతిని మెచ్చుకొనరాదు. రెండు భిన్నములకును ఒకే హారము కావలెను. 24, 27 లను ఒకదానితో నొకటి గుణించిన 648. మొదటి దాని లవము 18ని 27చే గుణింప 486. రెండవ దాని లవము 20ని 24చే గుణింప 480. 486/648 పెద్దది, మొదటి తరగతియే మెరుగు, అదియు వెంట్రుకవాసిలో. పిల్లలు దీనిని అడ్డ గుణకారమని నేర్చుకొందురు. హారము ఒకటే యగుట నిశ్చయము గనుక దానిని వ్రాయక లవములనే పోల్చుట ఇందలి మర్మము.

పంచాయతీ సభ్యులకు ఈ అడ్డ గుణకారము మరింత దగ్గరిది. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. పంచాయతీలలో మూడింట ఒక వంతునకు తక్కువ కాకుండ స్థానములు స్త్రీలకు ఉండవలెనని అది నిర్దేశించినది. మన రెండు రాష్ట్రముల చట్టములు దీనిని సగమునకు పెంచినవి. రాజ్యాంగము చెప్పిన మూడింట ఒక వంతును 11 స్థానములు గల పంచాయతీకి అన్వయించి చూతము. మూడు స్థానములు చాలునా? 3/11 ను 1/3 తో పోల్చిన, అడ్డముగా 3 × 3 = 9, 1 × 11 = 11. తొమ్మిది తక్కువ, చాలదు. నాలుగైనచో 4 × 3 = 12; చాలును. ‘తక్కువ కాకుండ’ అను మాట ఉన్నచోట మిగిలిన భిన్నమును వదలివేయరాదు, పై సంఖ్యకు పోవలెను. సగము విషయమునను అంతే: పదకొండింట ఐదు సగము కాదు, ఆరు కావలెను.

వంతులను కూడునప్పుడు అన్నింటికిని సరిపోవు హారము అక్కరకు వచ్చును. వానిలో అన్నింటికంటె చిన్నదానిని కనిష్ఠ సామాన్య గుణిజమని అందురు. క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున నున్న మహావీరాచార్యుడు గణితసార సంగ్రహమున దీనికి ‘నిరుద్ధము’ అని పేరు పెట్టి భిన్నముల సంకలనమునకు వాడినాడు. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించినాడు. అతడు పదకొండవ శతాబ్దివాడని చెప్పుదురు. అనగా ఈ లెక్క తెలుగువారికి నిన్న మొన్నటిది కాదు.

ఆరెకరముల భూమిని ముగ్గురికి పంచుచు పెద్దకొడుకునకు సగము, రెండవవానికి మూడవ వంతు, కూతునకు ఎనిమిదవ వంతు అని పత్రము వ్రాసినారనుకొందము. వినుటకు బాగుగనే యున్నది. 2, 3, 8 లకు సరిపోవు కనిష్ఠ హారము 24. సగము 12/24, మూడవ వంతు 8/24, ఎనిమిదవ వంతు 3/24. కూడిన 23/24. ఇరువది నాలుగవ వంతు ఎవరికిని చెందక మిగిలినది! ఆరెకరములు 600 సెంట్లు గనుక అది 25 సెంట్లు. పత్రము పూర్తియైన పదేండ్లకు ఆ పాతిక సెంట్ల కొరకు ముగ్గురును న్యాయస్థానము మెట్లెక్కవచ్చును. సంతకములు పెట్టుటకు ముందే వంతులను కూడి ఒకటి వచ్చినదో లేదో చూచినచో ఐదు నిమిషముల పని. పదునేడు ఒంటెలను ముగ్గురికి పంచిన పాత కథలో తీర్పరి ఒక ఒంటెను అరువు తెచ్చుట కూడ ఈ లోటు మూలముననే; అచట వంతుల మొత్తము 17/18 మాత్రమే. పొలమును మాత్రము అరువు తెచ్చి తిరిగి ఇచ్చుటకు వీలు లేదు.

చివరగా నీటి వంతు. ఒక తూము క్రింద 15 ఎకరముల ఆయకట్టు, నలుగురు రైతులు. నీరు 24 గంటలు వదలుదురు. రెండున్నర ఎకరములవాని వంతు 2½/15. పైనను క్రిందను రెంట గుణించిన 5/30, అనగా 1/6, అనగా 4/24. అతనికి నాలుగు గంటలు. నాలుగెకరములవాని వంతు 4/15. దీనిని 24 హారముగా మార్చబోయిన లవము పూర్ణసంఖ్య కాదు. అప్పుడు మరింత సన్నని హారమును ఎన్నుకొనవలెను. ఇరువది నాలుగు గంటలు 1,440 నిమిషములు. 1,440 ని 15 నిశ్శేషముగా భాగించును, ఎకరమునకు 96 నిమిషములు. నాలుగెకరములకు 384/1,440, అనగా 6 గంటల 24 నిమిషములు. ఎకరమున్నరవానికి 2 గంటల 24 నిమిషములు. ఏడెకరములవానికి 11 గంటల 12 నిమిషములు. నలుగురివియు కూడిన సరిగా 24 గంటలు వచ్చును. ఈ పట్టికను వ్రాసి తూము వద్దనో పంచాయతీ కార్యాలయపు గోడ మీదనో అంటించినచో, ఎవరి వంతు ఎప్పుడు ముగియునో గడియారమును చూచి ప్రతి రైతును తానే తెలిసికొనగలడు.