కాగిన నూనె మళ్ళీ కాచకండి

సాయంత్రంవేళ రాంగోపాల్‌పేట్ వీధుల్లో నడుస్తుంటే మిరపకాయ బజ్జీల వాసన నోరూరిస్తుంది. కొనేముందు ఒక్కసారి మూకుడులోకి చూడండి. నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు కడుతుంటే ఆ బజ్జీ మీకు వద్దు.

పదేపదే కాచిన నూనె గాలికీ, పిండిలోని తేమకీ విరిగిపోతుంది. అప్పుడు పుట్టే 'పోలార్ కాంపౌండ్స్' రక్తపోటుకు, రక్తనాళాలు గట్టిపడటానికి, కాలేయ వ్యాధులకు దారితీయవచ్చు. ఇవి 25 శాతం మించిన నూనెను వంటకు వాడరాదని 2018 జూలై 1 నుంచి మన దేశంలో నిబంధన ఉంది.

బండివాణ్ణి తప్పుపట్టేముందు మన వంటిల్లు చూసుకుందాం. పండుగనాడు అరిసెలు వండిన నూనెను సీసాలో పోసి, నెలంతా అప్పడాలకూ వడియాలకూ వాడే ఇళ్ళు ఎన్ని లేవు! ఖరీదైన నూనె, పారబోయడానికి చేతులు రావు. నిజమే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సలహా వినండి: ఒకసారి వేయించిన నూనెను వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరల్లో వాడేయండి, మళ్ళీ వేయించడానికి మాత్రం వద్దు.

మూకుడులో నూనె మొదటే తక్కువ పోసుకుంటే మిగిలేదీ తక్కువే. పాత నూనెలో కొత్త నూనె కలపకండి. కొత్తదీ త్వరగా చెడుతుంది. పిల్లలు బజ్జీలు అడిగితే ఎప్పుడైనా ఒకసారి ఇంట్లోనే, తాజా నూనెతో వేసిపెట్టండి.