బావిలో పుట్టి తొట్టిలో చేరిన జెట్టు

జెట్ మోటారు మన రైతులకు కొత్త కాదు. మోటారు గట్టు మీదే ఉంటుంది, బోరులోకి రెండు పైపులు దిగుతాయి. ఒక పైపులో కిందికి తోసిన నీళ్లు అడుగున సన్నటి మూతిలోంచి దూసుకొస్తాయి. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. ఆ లోటులోకి చుట్టూ ఉన్న నీళ్లు చొరబడి రెండో పైపు గుండా పైకొస్తాయి. పైనుంచి పీల్చే మామూలు పంపు ఎనిమిది మీటర్లు దాటితే చేతులెత్తేస్తుంది. ఈ ఉపాయంతో అంతకంటే లోతు నీళ్లూ అందాయి.

కొల్లూరులో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన కట్టుకున్న విల్లాలో ఎవరైనా బుడగల వేడినీటి తొట్టి బిగించుకుంటే, అది ఈ మోటారుకు తోబుట్టువే. రెండింటి కథలోనూ ఒకే ఇంటిపేరు వినిపిస్తుంది: జకూజీ.

ఇటలీ నుంచి వలస వెళ్లిన ఏడుగురు జకూజీ అన్నదమ్ములు 1915లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో విమానాల పంకాలు చేసే కంపెనీ పెట్టారు. సొంతంగా విమానమూ కట్టారు. 1921లో అది కూలి నలుగురు చనిపోయారు, వారిలో ఒకడు సోదరుడు జోకొండో. ఆ దెబ్బతో ఆ కుటుంబం విమానాలు మానేసింది. పెద్దన్న రాకేలే చూపు నీటి మీద పడింది. 1920ల మధ్యకల్లా బావులకు జెట్ పంపు తయారైంది.

చిన్న తమ్ముడు కాందిదో కొడుకు కెన్నెత్‌కు పసితనంలోనే కీళ్లవాతం వచ్చింది. ఆసుపత్రిలో సుడినీటి స్నానం చేయిస్తే హాయిగా ఉండేది. అదే వైద్యం ఇంట్లోనూ జరగాలని, స్నానాల తొట్టిలో దించే చిన్న పంపు చేశారు. 1956లో అది అమ్మకానికి వచ్చింది. 1968లో రాయ్ జకూజీ ఆ జెట్లను తొట్టి గోడల్లోనే అమర్చాడు. సూత్రం పాతదే. బావిలో నీళ్లను లాగిన ఆ లోటు ఇక్కడ గాలిని లాగుతుంది, అవే బుడగలు.

చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. గోలీసోడా కొట్టగానే గ్యాసు ఎగిరిపోయినట్టు, బుడగలు నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోస్తాయి. దాంతో నీటి పులుపు తగ్గి పీహెచ్ పెరుగుతుంది. 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం క్రిములను చంపే రూపంలో ఉంటుంది, 8 దాటేసరికి పావు వంతు కూడా మిగలదు. పైగా వేడినీళ్లు క్లోరిన్‌ను త్వరగా ఖర్చు చేస్తాయి. నిర్లక్ష్యం చేస్తే ఎంత ముప్పో 1999లో నెదర్లాండ్స్‌లో తెలిసింది. బోవెన్‌కార్స్‌పెల్ పూల ప్రదర్శనలో చూపుకు పెట్టిన ఒక తొట్టి తుంపర్ల నుంచి లెజియొనెల్లా క్రిములు పాకి 30 మందికి పైగా చనిపోయారు.

రెండో చిక్కు నేల నుంచి వస్తుంది. మన గ్రానైటు రాళ్ల పగుళ్లలో నిలిచిన బోరు నీరు చాలాచోట్ల కఠినం. తాగునీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం కోరుతుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. 500 ఉన్న నీటితో 1,200 లీటర్ల తొట్టి నింపితే, 600 గ్రాముల సున్నపురాయికి సమానమైన కఠినత్వాన్ని అందులో పోసినట్టే. వేడికీ, పెరిగిన పీహెచ్‌కూ అది విడివడి, గీజరు కాయిల్ మీద పట్టినట్టే జెట్ల మూతుల్లో తెల్లగా గడ్డకడుతుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో బాయిలర్ చూసేవాళ్లకు ఈ పొరతో రోజూ పోరాటమే. పారిశ్రామిక వాడల దాపు బోరు నీటిలో కాలుష్యం ఉందేమో ల్యాబులో చూపించాకే తొట్టిలోకి వదలాలి.

మరీ మెత్తటి నీళ్లు నింపినా మంచిది కాదు, అవి హీటరు లోహాన్ని కొరుకుతాయి. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో లెక్కగట్టినవాడు విల్ఫ్రెడ్ లాంజెలియర్. నగరాల నీటి గొట్టాలు తుప్పు పట్టకుండా చూడటానికి 1936లో ఆయన ఒక సూచిక ఇచ్చాడు. సున్నా దగ్గర నీరు సమతూకంలో ఉంటుంది, పైకి పోతే పొర కడుతుంది, కిందికి దిగితే కొరుకుతుంది. ఆయన పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయం కూడా బర్క్‌లీదే.

తొట్టి దగ్గర ఆ లెక్క సులువే. కఠినత్వం 150 నుంచి 250 మధ్య ఉండేలా బోరు నీటిలో మెత్తటి నీరు కలపాలి. తర్వాత అదే కొలతలో క్షారత చూడాలి: 80 నుంచి 120. తక్కువైతే వంటసోడా, ఎక్కువైతే కొద్దికొద్దిగా యాసిడ్. పీహెచ్ 7.2, 7.8 మధ్య కుదిరాక, కనీసం 3 పీపీఎం క్లోరిన్. వేడి 40 డిగ్రీలు దాటనివ్వకూడదు.

ఇంత చేసినా పీహెచ్ పదేపదే పెరుగుతుంటే, యాసిడ్ డబ్బా అందుకునే ముందు జెట్ల పక్కనున్న గాలి మీట మూసి చూడండి. బుడగలు ఆగిపోయి ఉత్త నీటి తోపుడే మిగులుతుంది. అప్పుడు మీ తొట్టిలో ఉన్నది బావి నాటి జెట్టే.