కల్పిత లోకములు – మధ్యస్థుని పని

వైకుంఠపాళి యాడని బాలు రరుదు. అందు పాము లెచ్చట నుండవలెనో నిచ్చెన లెచ్చట నుండవలెనో పటము గీచినవాడే నిర్ణయించి యుండును. ఆడువానికి గవ్వలు వేయుటయు గడులు లెక్కించుటయు దక్క వేరు పని లేదు. పాము నోటి యెదుట నిలిచి, "నేనీ గడిని త్రొక్కను, ప్రక్కదారిని పోయెదను" అనుటకు వీలు లేదు. అట్లనుటకు వీలైన యాట యొకటి కలదు. దానిని గూర్చి చదువరులతో ముచ్చటింప దలచితిమి.

ఆంగ్లమున దీనిని రోల్ ప్లేయింగ్ గేమ్ అందురు. నలుగురైదుగురు బల్ల చుట్టును కూర్చుందురు. వారిలో నొకడు మధ్యస్థుడు. ఒక దేశమును, అందలి యూళ్లను, అడవులను, మనుష్యులను ముందుగా కల్పించి యుంచువాడతడే. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. "మీ యెదుట నొక పాడుకోట కలదు, తలుపు మూసి యున్నది, ఏమి చేయుదురు?" అని మధ్యస్థుడడుగును. వారు నోటిమాటతోనే బదులు చెప్పుదురు. ఫలితము సందేహమైనచో పాచికలు వేయుదురు. వేషములు లేవు, రంగస్థలము లేదు. ఒకే లోకమున అవే పాత్రలతో వారము వారము నెలల కొలది సాగు నాటకు కాంపెయిన్ అని పేరు.

దీని పుట్టుక మిక్కిలి వినోదకరము. 1969వ సంవత్సరమున అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున డేవిడ్ వెస్లీ యను యువకుడు మిత్రులతో బొమ్మసైన్యముల యుద్ధక్రీడ నాడుచుండెను. ఒకనాడతడు బ్రౌన్‌స్టైన్ అను కల్పిత జర్మను పట్టణము నొకదానిని సిద్ధపరచెను. కాలము నెపోలియనుది. రెండు సేనలు పట్టణము కొరకు పోరాడవలెనని యేర్పాటు. మిత్రు లెక్కువమంది వచ్చుటచే, వారి నూరక కూర్చుండబెట్టనేల యని పట్టణాధ్యక్షుడు, బ్యాంకు యజమాని, విశ్వవిద్యాలయాధిపతి మొదలైన పాత్రల నిచ్చి, ఒక్కొక్కని కొక్కొక్క యుద్దేశము నప్పగించెను. ఆట యారంభమైనంతనే క్రమము చెడెను. ఎవరికి వారే గుసగుసలాడ మొదలిడిరి. ఇద్దరు ద్వంద్వయుద్ధమునకు సిద్ధపడగా, దానికి నియమములు లేవు. వెస్లీ అప్పటికప్పుడే కల్పించి చెప్పవలసివచ్చెను. సేనల యుద్ధము మాత్రము జరుగనే లేదు. ఆట చెడిపోయినదని యతడు విచారించుచుండగా, మిత్రులు మరల నెప్పుడాడింతువని వెంటబడిరి!

మధ్యస్థుని కింత యధికార మిచ్చుట వెస్లీకి 1880లో టాటెన్ అను అమెరికను సైనికాధికారి ప్రకటించిన స్ట్రాటెగోస్ అను గ్రంథమువలన తోచినది. అట్టి సైనికక్రీడలకు 1824 నాటి ప్రష్యా దేశపు క్రీగ్‌స్పీల్ మూలము. ఆ వంశవృక్ష మంతయు నిట విప్పము.

ఆ మిత్రులలో నొకడగు డేవ్ ఆర్నెసన్ కొలదికాలములోనే బ్లాక్‌మూర్ అను రాజ్యమును కల్పించెను. అందొక కోట, కోట క్రింద చీకటి నేలమాళిగలు. ఆటగాండ్రు ధనాశచే నెల్లప్పుడు మాళిగలయందే తిరుగుచు పైని కోట రక్షణను మరచిరి. శత్రువులు వచ్చి కోటను పట్టుకొనిరి. వారి పాత్రలు వేరొక చోటికి తరలిపోవలసివచ్చినది. ఆర్నెసన్ వారిని క్రిందికి పోవలదని వారింపలేదు, పోయినందులకు ఫలితమును తప్పింపను లేదు. ఇదియే మధ్యస్థుని పని యని మా యభిప్రాయము. పిమ్మట ఆర్నెసన్, గారీ గైగాక్స్ అనువారలు కలసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను పేర మూడు చిన్న పుస్తకముల పెట్టెను ప్రకటించిరి. మొదట అచ్చువేసినవి వేయి ప్రతులు.

ఈ సంగతి మే మనుభవముచే నేర్చితిమి. మా మొదటి కాంపెయిన్‌కు రెండు నోటుపుస్తకములు నిండునంత కథ వ్రాసితిమి. అందొక దుర్మార్గుడగు మంత్రి కలడు. అతడు కడపటి వారమున గాని పట్టుబడరాదు. రెండవ వారముననే యొక యాటగాడు మంత్రిపై వల విసరెదననెను. ఇరువది ముఖముల పాచికపై ఇరువది పడినగాని సాధ్యము కాదంటిమి. పడెను. మేము తడబడి, గోడలో రహస్యద్వారము కలదనియు మంత్రి దానిగుండ తప్పించుకొనెననియు చెప్పితిమి. మా పటమున నట్టి ద్వారము లేదు. "ఆ తలుపు ముందునుండియే యున్నదా?" అని యతడడిగెను. ఉన్నదంటిమి. మరుసటి వారమతడు పాచిక చేతబట్టక, "ఏమి జరుగవలెనో మీరే చెప్పుడు, అట్లే చేసెదను" అనెను. ఆ మాట మాకు నాటినది. అబద్ధమాడితిమని యందరి యెదుట నొప్పుకొని, మంత్రిని వల క్రిందనే యుంచి, ఆట నచ్చటినుండి తిరిగి మొదలిడితిమి. వ్రాసిన కథలో ముప్పాతిక భాగము వ్యర్థమైనది. అతడు మరల మా మాట నమ్ముట కించుమించు రెండు నెలలు పట్టినది.

కావున నిప్పుడు మేము కథ వ్రాయము. ఒక గ్రామము, దానికి ఒకనాటి ప్రయాణములో నుండు నేల, అందు ముగ్గురు నలుగురు మనుష్యులు, వారిలో నొక్కొక్కరి కేమి కావలెను – ఇంతమాత్రమే వ్రాయుదుము. చెరువు గట్టు నమ్మజూచు కరణ మొకడు, ఆ నీటి నమ్ముకొన్న రైతొకడు ఉన్న చాలును. ఆటగాండ్రెవరును జోక్యము చేసికొననిచో నెల దినములలో నేమి జరుగునో యొక పంక్తిలో వ్రాసి పెట్టుకొందుము. కాలపు లెక్క ముఖ్యము. గైగాక్స్ 1979లో మధ్యస్థుల కొరకు ప్రకటించిన గ్రంథమున దీనిని గట్టిగా నొక్కి చెప్పెను. గాయము మానుటకు పదిదినములు పట్టిన, ఆ పదిదినములలో కరణము గట్టు నమ్మివేయవచ్చును గదా! పాచిక నిప్పుడు బల్ల నడుమ నందరును చూచునట్లు వేయుదుము. ఎంత పడవలెనో వేయుటకు ముందే చెప్పుదుము.

ఆరంభింపగోరువారికి కాగితము, పెన్సిలు, పాచికలు తప్ప ఖర్చు లేదు. మామూలు పాచికలు మూడు వేసిన 3 మొదలు 18 వరకు వచ్చును. 216 విధములలో 18 వచ్చునది ఒక్కటియే, 10 వచ్చునవి 27. ఇరువది ముఖముల పాచిక దొరకనిచో అంకెలు వేసిన ఇరువది బిళ్లలను చెంబులో వేసి తీయవచ్చును. పాచికల కొరత వచ్చిన 1979 ప్రాంతమున ఆట పెట్టెలలో నట్టి బిళ్లలనే పెట్టి యమ్మిరి.